కనకాంబరం: బట్ట నుంచి పూవుకు, పూవు నుంచి రంగుకు

నెల్లూరు చిన్నబజారులో ఏ బట్టల కొట్టుకైనా వెళ్ళి కనకాంబరం రంగు చీర చూపించమనండి. నాలుగు చీరలు పరిస్తే నాలుగూ నాలుగు రంగుల్లో ఉంటాయి. ఒకటి నారింజకు దగ్గర, ఒకటి గులాబికి దగ్గర, ఇంకోటి దాదాపు ఎరుపు, నాలుగోది వెలిసిన ఇటుక రంగు. కొట్టతను అబద్ధం చెప్పడం లేదు. కొనే ఆమె మనసులో ఉన్న కనకాంబరం ఈ నాలుగూ కాక అయిదోది. తప్పంతా రంగులద్దేవాళ్ళదే అని తోసెయ్యడానికీ లేదు. ఆ పేరు మొదట పూవు కోసం పుట్టింది కాదు. ఏ పూవును చూసి ఆ రంగును గుర్తుపట్టుకున్నామో, ఆ పూవు కూడా తోటల్లో మారిపోయింది.

మాట విడదీయడం తేలికే. కనకం బంగారం. అంబరానికి రెండర్థాలు: బట్ట, ఆకాశం. రెండూ కలిస్తే సవర్ణదీర్ఘ సంధి. దీన్ని 'బంగారు ఆకాశం' అని చెప్పి, సందెవేళ మబ్బు రంగులో ఉంది కాబట్టి పూవుకు ఆ పేరొచ్చిందని కథ అల్లేవాళ్ళు ఉన్నారు. వ్యాకరణం దానికి అడ్డు పడదు, వాడుకే అడ్డు పడుతుంది. పీతాంబరం, శ్వేతాంబరులు, దిగంబరులు... సమాసం చివర అంబరం వచ్చినచోట ఎక్కువగా అది బట్టే. దిగంబరుడికి దిక్కులే బట్ట. నీలాంబరం ఒక్కటి రెండు వైపులా పోతుంది: బలరాముడు కట్టే నీలి బట్ట, తలెత్తితే కనిపించే నీలాకాశం. కనకాంబరం మాత్రం స్తోత్రాల్లో కనకాంబరధరుడిగా, అంటే పీతాంబరం కట్టిన విష్ణువుగా, బట్ట అర్థంలోనే నిలబడింది. కాబట్టి ఇది మొదట బట్ట మాట. బట్ట నుంచి పూవుకు పోయింది, పూవు నుంచి తిరిగి చీర రంగుగా బట్ట మీదికే వచ్చింది.

మన వైపు మగవాళ్ళకు కనకాంబరం అని పేరుంటే, అది తోటలోని పూవు పేరు కాదు, దేవుడి బట్ట పేరు. అలాగే కర్ణాటక సంగీతంలో ముత్తుస్వామి దీక్షితుల సంప్రదాయపు మొదటి మేళం (మూల రాగం) 'కనకాంబరి'. దానికీ పూవుకూ సంబంధం లేదు. అక్షరాలకు అంకెలు కేటాయించే కటపయాది లెక్కలో క అంటే 1, న అంటే 0. అంకెలు వెనకనుంచి చదవాలి కాబట్టి 01, అంటే ఒకటో మేళం. పేరు 'కన'తో మొదలవ్వాలి, అంతే. ఇప్పుడు ఎక్కువగా వాడే ఇంకో సంప్రదాయంలో అదే మొదటి మేళం 'కనకాంగి' అయింది కూడా ఈ లెక్క కోసమే.

ఇక అసలు చిక్కు: పూవు నారింజ రంగులో ఉంటే బంగారం పేరెందుకు? రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. సంస్కృతంలో మొక్కల పేర్లలో కనకం వచ్చినంత మాత్రాన పూవు పసుపుపచ్చగా ఉండాలని లేదు. అమరకోశం ఉమ్మెత్తను 'కనకాహ్వయం' అంటుంది, అంటే బంగారానికి ఎన్ని పేర్లున్నాయో అవన్నీ ఉమ్మెత్తకూ చెల్లుతాయని. మన ఊళ్ళలో ఎక్కువగా కనిపించే ఉమ్మెత్త పూవు తెల్లన, లేదా ఊదా. రెండోది, నగల బంగారం మేలిమి బంగారం కాదు. రాగి కలిసేకొద్దీ దానికి ఎర్రజీర వస్తుంది. పాత కాసులపేరునూ ఇప్పటి బిస్కెట్ బంగారాన్నీ పక్కపక్కన పెడితే ఆ తేడా తెలుస్తుంది. పూవులో ఆ బంగారం రంగు లేకపోలేదు కూడా. అది ఎక్కడుందో చూడాలంటే పూవును చేతిలోకి తీసుకోవాలి.

పూవులో ఎన్ని రంగులు

శాస్త్రంలో దీని పేరు క్రాసాండ్రా ఇన్‌ఫండిబులిఫార్మిస్. అడ్డసరం, ముళ్ళగోరింటల కుటుంబం. మొదటి మాట గ్రీకు నుంచి: కుచ్చులాంటి అంచున్న కేసరాలు. రెండోది లాటిన్: గరాటు ఆకారం. నిజంగా చూస్తే సగం గరాటే. సన్నటి గొట్టం, దాని కొసన ఒకే వైపు విసనకర్రలా పరుచుకున్న రేక, ఆ రేక అంచు అయిదు పాయలు. పై పెదవి లేదు. అందుకే దండ కట్టేటప్పుడు పూలన్నీ ఒకే వైపు తిరిగేలా పట్టుకోవడం కుదురుతుంది.

రంగు రేకంతా ఒకటే కాదు. గొట్టం నోటి దగ్గర చిన్న పసుపు మచ్చ, పాయల మీద నిండు నారింజ, రేక వెనక వైపు ఒక మెట్టు తక్కువ, గొట్టం పాలిపోయిన రంగు. విడి పూవును ఎదురుగా చూసినవాళ్ళ కనకాంబరం ఒకటి, జడలో దండను పక్కనుంచి చూసినవాళ్ళ కనకాంబరం ఇంకొకటి. దండలో గొట్టాలూ రేకుల వెనకలూ కూడా కనిపిస్తాయి కాబట్టి మొత్తం మీద రంగు తేలికవుతుంది. కోసిన రెండో రోజుకు నారింజ మెరుపు తగ్గి మట్టిరంగు తగులుతుంది. బట్టల కొట్లో 'వెలిసిన ఇటుక'ను కనకాంబరం అని చూపించేవాళ్ళకు ఈ రెండో రోజు పూవు సాక్ష్యం పలుకుతుంది.

వాసన లేదు. కదంబంలో దీని పని రంగు ఒక్కటే. వాసన మల్లె, మరువం చూసుకుంటాయి. మరాఠీలో ఈ పూవును 'అబోలీ' అంటారు, మాట్లాడనిది అని. వాళ్ళకూ పూవు పేరే రంగు పేరు. అయితే వాళ్ళ అబోలీ రంగు మన కనకాంబరం కంటే పాలిపోయి, గులాబి జీరతో ఉంటుంది. తమిళం, కన్నడం, మలయాళం మనలాగే కనకాంబరం మాటనే వాడతాయి. ఇదే కుటుంబంలో చలికాలంలో పూసే ఊదా పూలను మనం డిసెంబరాలు అంటాం. నెల పేరు డిసెంబరు అయితే పూవు డిసెంబరం ఎందుకయిందంటే, కనకాంబరానికి అలవాటుపడిన చెవి దాన్నీ అదే వరసలో కలుపుకుందని అనుకోవచ్చు.

రకం మారితే రంగు మారింది

పాతవి విత్తనాల కనకాంబరాలు. విత్తనంతో వచ్చిన మొక్కలు ఒకే మడిలో కూడా కొంచెం కొంచెం తేడాగా పూస్తాయి: ఒకటి లేత, ఒకటి ముదురు. పసుపు రంగుది 'లూటియా', ఎర్రది 'సెబాక్యులిస్' అని వేరే రకాలూ ఉన్నాయి. తర్వాత తోటల్లోకి వచ్చింది ఢిల్లీ కనకాంబరం. రంగు నిండు నారింజ, పూవు పెద్దది. దీనిలో ఒక్కో క్రోమోజోమూ మూడేసి ఉంటాయి, జతలు కుదరవు, కాబట్టి విత్తనం కట్టదు. ఎవరైనా ఢిల్లీ కనకాంబరం విత్తనాలని పొట్లం అమ్మితే కొనకండి; అది ఇంకేదో రకం.

విత్తనం కట్టకపోవడం వల్లనే దీని రంగు నిలకడగా ఉంటుంది. ప్రతి మొక్కా ఒక కొమ్మ ముక్కే కాబట్టి తోట మొత్తం ఒకే రంగు. పూలంగట్లో ఈ రంగే కళ్ళకు అలవాటైన తరం కనకాంబరం అంటే నిండు నారింజ అనుకుంటుంది. పెరటి విత్తనాల మొక్కను చూసి పెరిగిన అమ్మమ్మకు కనకాంబరం అంటే లేత రంగు. చీర దగ్గర ఇద్దరూ వాదించుకుంటే ఇద్దరిదీ నిజమే. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ తెచ్చిన రకాల్లో రెండింటి పేర్లు అర్క కనక, అర్క అంబర. మాటను సరిగ్గా సంధి దగ్గర విరిచి రెండు రకాలకు పంచారు. పేర్లు పెట్టినవాళ్ళకు తెలుగో కన్నడమో బాగా తెలిసే ఉంటుంది.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరపు నేలల్లో ఈ మొక్క పెట్టేవాళ్ళు రంగు కంటే ముందు వేరు చూసుకోవాలి. ఇసుక నేలల్లో నులిపురుగులు ఎక్కువ. కనకాంబరం వేళ్ళంటే వాటికి మహా ఇష్టం. మొక్క గిడసబారుతుంది, ఆకు చిన్నదవుతుంది, కంకి పొట్టిదవుతుంది, పూవు సన్నబడి రంగు పలచనైనట్టు కనిపిస్తుంది. పీకి చూస్తే వేళ్ళ మీద ఉబ్బులో, నల్లటి మచ్చలో ఉంటాయి. అదే గాయంలోంచి ఎండుతెగులు శిలీంధ్రం లోపలికి పోతుంది. అప్పుడు మందు పోసి లాభం తక్కువ. నాటే ముందే దుక్కిలో వేపపిండి వేయడం, అంతకు ముందు పంటకాలంలో బంతి వేసి ఆ నేలను మార్చడం, నారు కోసం శుభ్రమైన మట్టి వాడడం పనికొస్తాయి. వంగ, టమాటా తీసిన చేలో వెంటనే కనకాంబరం పెట్టకూడదు. వాటి వేళ్ళలోని నులిపురుగే దీనికీ పడుతుంది.

ఢిల్లీ రకానికి మూడు నాలుగు కణుపులున్న కొమ్మ ముక్కలు, మరీ లేతవీ మరీ ముదురువీ కానివి, నీడలో వేళ్ళు పట్టించి నాటతారు. బోదెకు బోదెకు 60 సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు 40 సెంటీమీటర్లు పెడితే ఎకరాకు 16 వేల పైచిలుకు మొక్కలు పడతాయి. బోదె మీద కాకుండా చదును మడిలో పెడితే మన దగ్గర దెబ్బతినేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఈశాన్య రుతుపవనాల వానకు నీళ్ళు రెండు రోజులు నిలిస్తే వేరు కుళ్ళుతుంది. ఆ నెలల్లో పూలూ తగ్గుతాయి, మూర ధర పెరుగుతుంది. లేతాకు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే అది తెగులు కాదు, ఇనుము అందకపోవడం. సున్నపు నేలల్లో మామూలు. అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) పలచగా కలిపి ఆకు మీద చల్లితే తేరుకుంటుంది.

పూవు పూర్తిగా విచ్చుకున్నాకే కోయాలి, రోజు విడిచి రోజు. ముందే కోస్తే గొట్టం విరుగుతుంది, రంగు దిగదు. కంకి కింది నుంచి పైకి పూస్తూ పోతుంది కాబట్టి కంకిని తుంచకూడదు. కిలో తూగాలంటే పది వేలకు పైగా పూలు కావాలి. పూలంగట్లో దీని ధర వెనకున్న అసలు ఖర్చు ఎరువు కాదు, కోతకూలి. విత్తనాల రకమైతే ఎండిన కంకిని చెట్టునే వదలకండి. కాయకు తడి తగిలితే పటుక్కున పగిలి విత్తనాలు ఎగిరిపోతాయి. మంచు పడే ముందే కోసి గుడ్డసంచిలో వేసుకోవాలి.

నారింజ లేని చోట కనకాంబరం

తెలుగులో రంగుల పేర్లు చాలా వరకు వస్తువుల పేర్లే. పసుపు అనేది దుంప పేరు కూడా. పచ్చ అయితే పాతకాలంలో పసుపుకూ ఆకు రంగుకూ కూడా చెల్లేది. పచ్చకామెర్లలో పచ్చ ఆకుపచ్చ కాదు. ఎరుపుకూ పసుపుకూ మధ్యనున్న రంగుకు సొంత మాట లేదు. అక్కడికి ఎన్నో మాటలు వచ్చి చేరాయి, ఒక్కోటీ ఒక్కో మూల పట్టుకుంది. కావి మట్టి రంగు, దానికి ఎరుపు తోడైతే చెంగావి. రెంటిలోనూ మెరుపు ఉండదు. కాషాయం సంస్కృతంలోని కషాయం నుంచి వచ్చింది, అంటే వగరు. చెక్కలూ కాయలూ మరిగించిన వగరు రసంలో ముంచిన బట్ట రంగు. జలుబుకు తాగే కషాయమూ సన్యాసి బట్టా ఆ రకంగా చుట్టాలే. సింధూరం ఎర్ర సీసపు పొడి రంగు, ఆంజనేయుడి ఒంటి మీద చూసేది. నారింజ పండు రంగు. బడి పుస్తకాలు ఎంచుకున్న మాట ఇదే.

వీటి మధ్య కనకాంబరం దక్కించుకున్న చోటు: నారింజలోకి కొద్దిగా గులాబి దిగి, తేలిగ్గా, మెరుస్తూ ఉండేది. గులాబి జీర లేకపోతే అది నారింజ. మట్టిజీర ఉంటే చెంగావి. ఎరుపు మరీ ముదిరితే సింధూరం. కొట్లో చూపించే నాలుగు చీరల్లో ఏదో ఒకటి ఈ కొలతకు నిలుస్తుంది.

ఆ గులాబి మాటా ఒక మెలికే. పారశీకంలో గుల్ పూవు, ఆబ్ నీళ్ళు. గులాబ్ అంటే పన్నీరు. హిందుస్తానీలో పన్నీటి పేరు పూవుకు అంటింది, ఆ పూవు రంగు గులాబీ అయింది. తెలుగులో ఆ రంగు మాటే మళ్ళీ పూవు పేరయింది. నెల్లూరు వైపు రోజాపూలు, రోజా రంగు అనే మాటలూ బాగా వినిపిస్తాయి.

పూవు పేరున్న రంగుల్లో రెండు జాతులు ఉన్నాయని గుర్తిస్తే చాలా గందరగోళం తగ్గుతుంది. కొన్ని పోలిక రంగులు: ఆ పూవులా ఉంటుంది, పూవుతో అద్దింది కాదు. కనకాంబరం, గులాబి ఈ జాతి. కొన్ని అద్దకపు రంగులు: పూవులోంచే తీసింది. కుసుంబా ఈ జాతి. నూనెగింజల కుసుమ మొక్క పూరేకుల్లో రెండు రంగులుంటాయి, నీళ్ళలో కరిగే పసుపు, కరగని ఎరుపు. ఎండిన రేకుల్ని గుడ్డసంచిలో కట్టి చన్నీళ్ళలో పిసుకుతూ, పసుపు దిగడం ఆగేదాకా నీళ్ళు మారుస్తారు. తర్వాత చాకలి సోడానో బూడిదనీళ్ళో కలిపి అరగంట పిసికితే ఎరుపు దిగుతుంది. ఆ నీళ్ళలో నిమ్మరసమో చింతపండు పులుసో పోస్తే నురగ వచ్చి రంగు వెలుగుతుంది. అప్పుడు బట్ట ముంచుతారు. లేత గులాబి రంగుకే బట్ట ఎంత బరువో రేకులూ అంత కావాలి. వేడి తగిలితే ఎరుపు చచ్చిపోతుంది, సబ్బుకు చెదురుతుంది, ఎండకు వెలుస్తుంది. కనకాంబరం పూవుతో ఇలా ప్రయత్నించి చీరకు నిలిచే రంగు వస్తుందని ఆశపడొద్దు.

అద్దకపు తొట్టిలో కనకాంబరం

పట్టుకైతే ముందు బంక తీయాలి. ముడి పట్టులో నాలుగో వంతుకు దగ్గరగా బంకే ఉంటుంది. అది సబ్బునీళ్ళలో పూర్తిగా పోకపోతే రంగు మచ్చలుగా పడుతుంది. అద్దకంలో లెక్క తేలిక: కిలో పట్టుకు 10 గ్రాముల రంగు పొడి అంటే 1 శాతం షేడ్. ఆసిడ్ రంగుల్లో నారింజ 8 గ్రాములు, నీలిజీర ఉన్న ఎరుపు 2 గ్రాములతో మొదలుపెట్టి కొద్ది దారం మీద చూసుకోవచ్చు. కంపెనీని బట్టి పాళ్ళు మారతాయి. పసుపుజీర ఎరుపు వాడితే గులాబి ఛాయ రాదు, రంగు సింధూరం వైపు పోతుంది. కిలోకు 20 నుంచి 30 లీటర్ల నీళ్ళు, గోరువెచ్చగా మొదలుపెట్టి మెల్లగా 85 డిగ్రీల దాకా, ముప్పావుగంట సేపు చిలపలు (దారపు కట్టలు) తిప్పుతూ ఉండాలి. ఎసిటిక్ ఆసిడ్ మొదట్లోనే అంతా పోస్తే రంగు ఒక్కసారిగా పట్టి చారలు తేలుతాయి. రెండు మూడు విడతలుగా, చిలపలు పైకెత్తి పోయాలి. తెర్లబెడితే పట్టు మెరుపు పోతుంది. తడి మీద రంగు ముదురుగా కనిపిస్తుంది కాబట్టి తొట్టి దగ్గరే సరిపోయిందని ఆపేయకూడదు, నాలుగు పోగులు ఆరబెట్టి చూడాలి.

నూలుకు ఆసిడ్ రంగులు పట్టవు. చల్లటి నీళ్ళలో పట్టే రియాక్టివ్ రంగులైతే ముందు ఉప్పు, తర్వాత సోడా. చివరి సబ్బు ఉడుకు మానేస్తే పట్టని రంగు దారంలో మిగిలిపోతుంది. కనకాంబరం ఒంటికి తెల్ల అంచున్న చీరలు మొదటి ఉతుకులోనే పాడయ్యేది ఎక్కువగా ఇందుకే.

రంగు కలపకుండా మగ్గం మీదే కనకాంబరం తెప్పించే దారి ఇంకోటి ఉంది. పడుగు గులాబి, పేక మామిడిపండు పసుపు వేసి నేస్తే దూరానికి రెండూ కలిసి కనకాంబరంగా కనిపిస్తాయి. మడత పడిన చోట ఒకసారి గులాబి, ఒకసారి పసుపు తళుక్కుమంటుంది. పాత నెల్లూరు జిల్లా వెంకటగిరి, కోవూరు పక్కనున్న పాటూరు వంటి చోట్ల నేత చీర కొనేటప్పుడు కొంగు చివర కుచ్చు విప్పి చూస్తే పడుగు రంగు ఏదో తెలిసిపోతుంది. ఇలాంటి చీరకు జాకెట్టు గుడ్డ కుదర్చడం కష్టం. ఒంటి రంగుతో కాక, పడుగు రంగుతో కుదిర్చితే బాగుంటుంది.

నేతగాళ్ళకు చీర పురమాయించేటప్పుడు 'కనకాంబరం' అన్న ఒక్క మాటతో సరిపెట్టకండి. ఢిల్లీదా, విత్తనాలదా, విడి పూవు రంగా, దండ రంగా చెప్పండి. నమూనా పోల్చేది పొద్దున పదింటి లోపు, ఎండ నేరుగా పడని నీడలో, తెల్లకాగితం మీద. ట్యూబులైటు కింద అచ్చంగా కలిసిన రెండు గుడ్డలు బయటికి రాగానే వేరైపోవచ్చు. రంగు పొడులు వేరైతే వెలుతురు మారినప్పుడు ఆ తేడా బయటపడుతుంది. ఫోన్ ఫొటో పంపక తప్పదంటే పూవు పక్కన తెల్లకాగితం కూడా పడేలా తీయండి, లేకపోతే కెమెరా సొంతంగా రంగు సర్దేస్తుంది. నారింజ, ఎరుపు రంగుల్లో ఫోన్లు మరీ అత్యుత్సాహం చూపిస్తాయి. పాత చీర రంగే కావాలంటే ఫొటో కంటే దారం మేలు. రెండు పోగులు లాగి తీసుకెళ్ళండి, అదీ కుచ్చిళ్ళ లోపలి వైపు నుంచి. కొంగూ భుజం మీది భాగమూ ఎండకు వెలిసి ఉంటాయి.